తొమ్మిదో పేజీలో మూడు లైన్లు

గురువారం

విదేశీ వార్తలు చూసే సబ్ ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆఫీసుకి మూడు వీధుల అవతల బట్టలు కుట్టుకుంటాను. గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి వదల్లేదు, అందుకని పెట్టెలో వేస్తున్నాను. సోమవారం తొమ్మిదో పేజీలో అడుగున మూడు లైన్లు వేశారు. కొండ విరిగిపడి గని ఊరు పూడిపోయింది, మూడొందల మంది పోయుంటారని. ఆ గనిలో మా తమ్ముడు లారీ తోలతాడు. ఆ రోజు నుంచీ ఫోను కలవడం లేదు. మళ్లీ మీ పేపరులో ఒక్క ముక్క లేదు. అదే పేజీలో ఇంకో దేశంలో గాలివానకి హోటలు పైకప్పు ఎగిరిందని అరపేజీ! ఆరుగురికి దెబ్బలట, అయిదు ఫొటోలు. ఏం బాబూ, మావాడి మీద కొండ పడితే అది వార్త కాదా? బతికినవాళ్ల పేర్లు తెలిస్తే వెయ్యండి, మీ కాళ్లు పట్టుకుంటాను.

ఇట్లు,
కుట్టుపని చేసుకునే ఆవిడ

తా.క. ఫొటోలో తడిసిన కుక్క కోలుకుందా? మా అమ్మ అడగమంది. దాని సంగతైతే మీకు తెలిసే ఉంటుందట.

శుక్రవారం

అమ్మా, నమస్కారం.

మీ వీధిలో పేపరు వేసే ఆయన నాకు తెలుసు. జవాబు పేపరు మడతలో పెట్టి పంపుతున్నాను. మా గోడకి ఒక కాగితం అంటించి ఉంటుంది, చీఫ్ గారి కొలత. హోటలు దేశంలో ఒక్కడికి దెబ్బ తగిలినా ఫొటో. మీ తమ్ముడున్న దేశంలో వందమందికి ఒక లైను. కొలత తప్పలేదమ్మా. నాకూ సిగ్గుగానే ఉంది, కానీ ఇరవై ఏళ్లుగా ఆ కాగితం కిందే కూర్చుని అన్నం తింటున్నాను. అడుగున ఇంకో మాటుంది: మనవాడు ఒక్కడున్నా మొదటి పేజీ. ఫొటో పంపండి.

మీ శ్రేయోభిలాషి,
సబ్ ఎడిటర్

తా.క. కుక్క కులాసా. పెంచుకుంటామని నలభై ఉత్తరాలొచ్చాయి.

శుక్రవారం సాయంత్రం

సబ్ ఎడిటర్ గారికి,

ఫొటో ఇదిగో. నా పెళ్లిలోది. మా ఆయన్ని కత్తిరించేశాను, తమ్ముడి భుజం మీదున్న ఆయన చెయ్యి మాత్రం తీయడం కుదరలేదు. వాడు పోయాడని ఎవరూ చెప్పలేదు, కబురు లేదంతే. అలాగే రాయండి. మా అమ్మ గుండె అంత గట్టిది కాదు.

ఆశతో,
వాడి అక్క

తా.క. ఎడమ కనుబొమ్మ మీద గాటుంటుంది. చిన్నప్పుడు నా కత్తెర తగిలింది. అది వెయ్యండి, నా పేరు వెయ్యకండి.

శనివారం

అమ్మా,

ముందు ఈ ఉత్తరం చదవండి, తర్వాతే పేపరు విప్పండి. నేను 'ఆచూకీ లేదు' అనే రాశాను. చీఫ్ చూసి, "ఆచూకీ లేకపోతే ఆరో పేజీ. పోతేనే మొదటి పేజీ. ఏదో ఒకటి తేల్చు" అన్నారు. నేను తేల్చేలోపు ఆయనే తేల్చేశారు. 'మట్టిలో కలిసిన మనవాడు' అని పేజీ అడ్డంగా పెట్టేశారు. నేను వద్దన్నాను, కానీ గట్టిగా అనలేదు. సవరణ వేయిస్తాను.

తల దించుకుని,
సబ్ ఎడిటర్

తా.క. భుజం మీది చేతికి బాణం గుర్తు పెట్టి 'మృత్యుహస్తం' అని రాయించారు. మీ ఆయనకి నా క్షమాపణలు చెప్పండి.

శనివారం మధ్యాహ్నం

సబ్ ఎడిటర్ గారికి,

నమస్కారం పెట్టబుద్ధి కావడం లేదు. మీ ఉత్తరం మడతలోంచి జారి మెట్ల మీద పడింది. అమ్మ ముందు పేపరే విప్పింది. విప్పి గుమ్మంలోనే కూలబడింది. నిన్నటిదాకా ఆ దేశం ఎక్కడుందో తెలియనివాళ్లంతా నా కొట్టు నిండా కూర్చుని ఏడుస్తున్నారు. వాణ్ణి చంపిన చోటే బతికించండి, అంత పెద్ద అక్షరాల్లోనే. మీ ఇంట్లో ఎవరూ లేరా?

ఇంకేం రాయను

తా.క. మా ఆయన పొద్దుట్నుంచి ఆ చెయ్యి జేబులోంచి తీయడం లేదు.

సోమవారం

అమ్మా,

సవరణకి చీఫ్ ఒప్పుకున్నారు. ఎల్లుండి, పదకొండో పేజీ, రెండు లైన్లు. మొన్నటి వార్త చూసి ప్రభుత్వం కంగారుపడి, తవ్వే యంత్రాలతో సహాయక దళాన్ని విమానంలో పంపింది, మీ తమ్ముడి శవం తేవడానికి. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

మన్నించండి,
సబ్ ఎడిటర్

తా.క. విగ్రహం పెడతామని ఇద్దరు పాఠకులు రాశారు. మీ తమ్ముడి కొలతలు అడుగుతున్నారు.

మంగళవారం

అన్నయ్యగారూ,

సవరణ ఆపండి. దణ్ణం పెడతాను, ఆపండి. తమ్ముడు ఫోన్ చేశాడు. బతికే ఉన్నాడు! కొండ పడ్డప్పుడు లారీతో లోయ అవతల ఉన్నాడట. టవర్లు కూలిపోయి ఇన్నాళ్లూ ఫోను కలవలేదు. ఏడ్చి ఏడ్చి, "రేపే పేపరులో సరిచేస్తారురా" అన్నాను. "వద్దక్కా!" అని కేకేశాడు.

పూడిపోయిన సొరంగంలో మనుషులున్నారట. లోపల్నుంచి రాళ్లతో కొడుతుంటే చప్పుడు వినబడుతోందట. వారం రోజులు అక్కడివాళ్లే పారలతో, చేతులతో తవ్వారు. ఏ దేశమూ తొంగిచూడలేదు. మన యంత్రాలొచ్చాక ఏడుగురు ప్రాణాలతో బయటికొచ్చారు. దళం చేతిలో తన ఫొటో చూసి మావాడికి సంగతి అర్థమైందట. మొహానికి గుడ్డ కట్టుకుని, పేరు చెప్పకుండా వాళ్లకి దారి చూపిస్తున్నాడు. తన శవాన్ని తనే వెతుకుతున్నాడు. "నేను బతికానని తెలిస్తే ఈ యంత్రాలు రేపే విమానం ఎక్కేస్తాయక్కా. లోపల ఇంకా కొడుతూనే ఉన్నారు" అన్నాడు.

అమ్మకి చెవిలో చెప్పాను. పరామర్శకొచ్చినవాళ్ల ముందు గట్టిగానే ఏడుస్తోంది, నవ్వొచ్చినప్పుడల్లా చేతుల్లో మొహం దాచుకుంటోంది. మావాణ్ణి ఇంకో నాలుగు రోజులు చచ్చినవాడిగానే ఉంచండి.

మీ చెల్లెలు

తా.క. నాలుగు రోజులు చాలకపోతే కంగారుపడకండి. తమ్ముడి గదిలో ఉండే మన ఊరివాడు ఇంకొకడున్నాడు. ఆ తర్వాత చావడానికి వాడు ఒప్పుకున్నాడు. వాళ్లింట్లో అడిగి తెచ్చిన ఫొటో ఇందులోనే పెట్టాను.