ఏరియల్ బండి వెనక బ్రేకు

విజయనగరం జిల్లా నెల్లిమర్లలో కాపురం ఉంటూ, జూట్ మిల్లులో ఫిట్టరుగా పనిచేసి రిటైరైన, కీర్తిశేషులు బొంతు సామ్యేలు గారి కుమారుడు, డెబ్భై ఒక్క ఏళ్ల వయసు గల బొంతు జీవరత్నం అనే నేను, నా తదనంతరం నా వాళ్లు తగువు పడకుండా ఉండేందుకు నా చేత్తో రాసి పెడుతున్న వీలునామా.

నా బుద్ధి స్థిరంగా ఉంది. మొన్న కంటి ఆపరేషన్ చేసిన డాక్టరుగారు మతిమరుపు ఏమైనా ఉందా అని అడిగితే లేదన్నాను. ఉంటే బాగుండేదని మనసులో అనుకున్నాను. నన్ను ఎవరూ ఒత్తిడి చేయలేదు, ఎవరూ మభ్యపెట్టలేదు. భయం మాత్రం ఉంది. భయపడుతూ రాసిన వీలునామా చెల్లుతుందా అని నా స్నేహితుడు గణపతిరావుని అడిగాను. అతను దస్తావేజులు రాసేవారి దగ్గర ముప్ఫై ఏళ్లు గుమాస్తాగా చేశాడు. ఇంకొకడు భయపెట్టి రాయిస్తే చెల్లదు గానీ నీ అంతట నువ్వు భయపడితే చెల్లుతుందన్నాడు. కాబట్టి రాస్తున్నాను.

1. నెల్లిమర్లలో నేను కట్టుకున్న రెండు గదుల పెంకుటిల్లు, వెనక రేకుల షెడ్డుతో సహా, నా భార్య లక్ష్మణమ్మ బతికున్నంత కాలం ఆమెది. తర్వాత మా అబ్బాయి సంజయ్‌ది. ఒక షరతు ఉంది. వంటింటికి తూర్పు వైపు కిటికీ పెట్టిస్తానని పెళ్లయిన ఏడాది ఆమెకి మాటిచ్చాను. గ్యాసు పొయ్యి వచ్చేదాకా ఆ మనిషి పొగలోనే వండింది. ఒకటి రెండుసార్లు గుర్తు చేసి, నా మొహం చూసి ఊరుకుంది. సంజయ్ ముందు ఆ కిటికీ పెట్టించి, ఆ తర్వాతే ఇంటి కాగితాలు ముట్టుకోవాలి.

2. నా పనిముట్ల పెట్టెలో పాత ఇంగ్లీషు బళ్లకి పట్టే పానాల సెట్టు ఒకటి ఉంది. ఇప్పుడు బజారులో దొరికే పానాలు ఆ నట్లకి సరిపోవు, బలవంతంగా తిప్పితే మూలలు అరిగిపోతాయి. ఆ సెట్టు విజయనగరంలో మెకానిక్ షాపు పెట్టుకున్న వినోద్‌కి. నోరు ఎక్కువే గానీ మంచి పనివాడు. తడి చేత్తో పానా పట్టుకోనని అతను మాటివ్వాలి.

నాతో మిల్లులో పనిచేసిన గోపి 1996లో నా దగ్గర బేరింగులు లాగే పుల్లర్ పట్టుకెళ్లాడు. ఇప్పటికీ ఇవ్వలేదు. పైగా నన్ను చూస్తే పక్క సందులోకి తిరిగిపోతాడు. ఆ పుల్లర్‌ని ఈ వీలునామా ద్వారా అతనికే ఇచ్చేస్తున్నాను. ఇకనైనా తిన్నగా రోడ్డు మీద నడవమని చెప్పండి.

3. షెడ్డులో ఉన్న 1947 నాటి ఏరియల్ మోటారు సైకిలు నాది కాదు. దాని మీద నాకు ఏ హక్కూ లేదు. అది మా బావ కంది జగన్నాధం గారిది. నా తోడబుట్టిన అప్ప కుమారి భర్త. పాత మద్రాసు నంబరు పలకతో ఉన్న ఆ బండిని మిషన్ బంగళాలోని దొర తన దేశం వెళ్లిపోతూ అమ్మితే బావ కొనుక్కున్నాడు. ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెబుతూ, నెలకొకసారి, చివరి ఆదివారం నాడు, సాలూరు దాటి ఘాట్ రోడ్డెక్కి కొండ మీద క్రైస్తవ సంఘానికి వాక్యం చెప్పి, ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చి వచ్చేవాడు. మా జిల్లాలో అలాంటి బండి రెండోది నేను చూడలేదు. దూరం నుంచే ఆ చప్పుడు విని మా అప్ప పొయ్యి మీద ఎసరు పడేసేది.

1989 ఆగస్టులో వెనక బ్రేకు లైనర్లు అరిగాయని బావ బండి నా దగ్గర పెట్టాడు. ముందు బ్రేకు ఆ బండికి మొదటి నుంచీ అంతంతమాత్రం, ఆయన వెనక బ్రేకు మీదే నడిపేవాడు. నేను కొత్త లైనర్లు కోసి, రివిట్లు కొట్టి, ఆకురాయితో సాపు చేసి, లైనర్లు బిగించే ఇనుప బ్రేకు షూ మీద నా పేరులో మొదటి అక్షరం పంచ్‌తో వేశాను. అంత శుభ్రంగా నేను ఇంకే పనీ చేయలేదు. చక్రం బిగించడానికి ఇంకా మూడు రోజులుంది, షెడ్డులో దుమ్ము పడుతుందని వాటిని గోనె గుడ్డలో చుట్టి పెట్టాను. ఆ రోజే మిల్లు నుంచి తెచ్చిన కొత్త గుడ్డ. నార మెత్తబడ్డానికి మిల్లులో నూనె చల్లుతారు, కొత్త గుడ్డలో అది ఇంకా ఆరదు. ఆ నూనె మూడు రోజులూ నా లైనర్లలోకి ఇంకింది. విప్పినప్పుడు వాసన తెలియాలి కదా అంటారు. ఆ వాసన నా చొక్కాలో ఉండేది, నా చేతుల్లో ఉండేది, నేను తినే అన్నంలో ఉండేది. నా ముక్కుకి అది వాసనే కాదు.

బండి తీసుకెళ్తూ బావ, "ఒరే జీవా, నీ సేతిలో పడితే ఇంక సూసుకోనక్కర్లేదురా" అన్నాడు.

నూనె పీల్చిన లైనరు చల్లగా ఉన్నంతసేపు బాగానే పట్టుకుంటుంది. ఊళ్లో తిప్పి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. ఘాట్‌లో దిగుతూ పది మలుపులు బ్రేకు తొక్కితే డ్రమ్ము వేడెక్కి, లోపలి నూనె పైకి ఊరుతుంది. అప్పుడిక తొక్కినా తొక్కకపోయినా ఒకటే. ఆగస్టు 27, ఆదివారం మధ్యాహ్నం మా బావ కొండ దిగుతూ లోయలో పడి చనిపోయాడు. ఆయన్నీ, సొట్టలు పడ్డ బండినీ సాలూరు లారీ వాళ్లు తీసుకొచ్చి మా గుమ్మంలో దింపారు. ఎదురుగా వచ్చిన లారీ డ్రైవరు చెప్పాడు, ఆయన రెండు కాళ్లూ నేలకి రాసుకుంటూ వచ్చాడని. చెప్పులు చూశాను. మడమల దగ్గర అట్ట లేదు. మడమల మీద చర్మం కూడా లేదు.

ఆయన సంచిలో ప్రభు బల్లకి వాడగా మిగిలిన ద్రాక్షరసం సీసా పగిలి బట్టలన్నీ తడిశాయి. ఆ వాసన చూసి తాగి నడిపాడన్నారు. జీవితంలో చుక్క ముట్టని మనిషిని. రెండో రోజు నేను చక్రం విప్పి, నా లైనర్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాను. భయం వల్లనో ఏమో, అప్పుడు మాత్రం వాసన తెలిసింది. మళ్లీ బిగించేశాను. బండి ఇనుప సామాను వాళ్లకి అమ్మేశానని అప్పకి చెప్పి, దాని మీద గోనె సంచులు పేర్చాను. ఉద్యోగం పోతుందని కాదు, పోలీసులని కాదు. అప్ప నా మొహం చూడదని భయపడ్డాను. తాగుబోతు పెళ్లామన్న మాట మోస్తూనే మా అప్ప కిందటేడు పోయింది. చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని, "ఆయన తాగలేదురా, నీకు తెలుసు కదా" అంది. తెలుసన్నాను. అంతకు మించి ఒక్క ముక్క అనలేకపోయాను. నన్ను తిట్టుకోవడానికి నాకింకా మంచి మాట దొరకలేదు.

4. వాళ్ల కూతురు పద్మజ తండ్రి పోయేనాటికి తొమ్మిదేళ్ల పిల్ల. ఇప్పుడు ఎచ్చెర్లలో యూనివర్సిటీలో ఉద్యోగం చేస్తోంది. వాళ్లమ్మ ట్రంకు పెట్టె కోసం నా షెడ్డులోకి వచ్చి, సంచులు జరిపి, "మావా, ఇదేటి, నాన్న బండేనా?" అని అక్కడే కూలబడిపోయింది. ఆయన గుర్తుగా దాచానని అబద్ధం చెప్పాను. ఆ పిల్ల నా రెండు చేతులూ కళ్లకి అద్దుకుంది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆరాధన అవగానే బస్సెక్కి వచ్చేది. సీటులో ఎలుకలు పెట్టిన గూడు తీశాం. పట్టేసిన పిస్టన్ మీద కిరసనాయిలు, డీజిలు కలిపి పోసి ఇరవై రోజులు నానబెట్టాం. ట్యాంకులో గులకరాళ్లు వేసి, ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఊపి తుప్పు రాల్చాం. ఇంజనుకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోకి తీగ చుట్టించడానికి వినోద్ నాలుగు ఊళ్లు తిరిగాడు. ముప్ఫై ఆరేళ్ల తర్వాత నేను మళ్లీ సంతోషంగా పని చేశాను, అది కూడా రాస్తున్నాను. ఏ పనికైనా ముందుండి, చక్రాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం తర్వాత చూద్దాం అనేవాణ్ని. ఎవరూ లేనప్పుడు ఆ లైనర్లు మార్చేసి గప్‌చుప్‌గా ఉండాలని నా లెక్క.

నేను కంటి ఆపరేషన్‌కి వెళ్లిన వారంలో వాళ్లిద్దరూ చక్రాలు విప్పేశారు. వినోద్ కొత్త లైనర్లు వేద్దామంటే ఆ పిల్ల షూ మీద నా అక్షరం చూసిందట. పైకి ఎండి గట్టిగానే ఉన్నాయి, అరగలేదు కూడా. శుభ్రంగా తుడిచి మళ్లీ అవే వేయించింది. నేను వచ్చి, పాతవి కదా తీసేయమంటే, "నీ సేతి పని మావా, మార్సను" అని నవ్వింది. మూడుసార్లు చెప్పాను. రోడ్డు మీద నడిపి చూశాం, బ్రేకు బాగానే పడుతోందంది. పడుతుంది. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

ఇంజను మొదటిసారి అందుకున్న రోజు వీధంతా వచ్చి చప్పట్లు కొట్టింది. నేను బాత్రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని, ఆ చప్పుడు ఆగేదాకా కుళాయి తిప్పి ఉంచాను. జూలైలో ఒక మధ్యాహ్నం లక్ష్మణమ్మ నిద్రపోతుంటే చక్రం నట్టు విప్పబోయాను. చేతుల్లో సత్తువ లేక కదల్లేదు. వదిలేసి వచ్చాక, పావు చుట్టు గానీ కదిలిందా, వదులు చేసి వదిలేశానా అన్న భయం పట్టుకుంది. వినోద్‌కి ఫోన్ చేసి, ఏదో సాకు చెప్పి బిగింపు చూపించేదాకా నాకు అన్నం దిగలేదు.

ఈ నెల 27 ఆమె తండ్రి పోయిన రోజు. వినాయక చవితి సెలవు కూడా కలిసింది. ఆ రోజు ఆ బండి మీదే ఘాట్ ఎక్కి, కొండ మీద సంఘానికి వెళ్లి, అదే దారిలో దిగుతుందట. సాలూరు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేసే మా సంజయ్ వెనకాల జీపులో వెళ్తాడట, ఫోటోలు తీయడానికి.

5. ఈ క్లాజులో నేను మొదట రాసింది వేరు. బండి పద్మజకి చెందాలని, నడిపే ముందు లైనర్లు మార్చాలని, కారణం ఫలానా అని రాసి గణపతిరావు చేతికిచ్చాను. నేను పోయాక తిట్టుకుంటుంది, అప్పుడు నాకు వినపడదు అనుకున్నాను. అతను చదివి, కళ్లజోడు తీసి, కాగితం నా ముందుకి తోశాడు. తర్వాత అన్నాడు: "ఒరే జీవరత్నం, ఇది నువ్వు పోయేక కదరా సదివీది. పిల్ల ఇరవై ఏడున ఎల్తాది. ఈ రెండిట్లో ఏది ముందొస్తాదో నీకేటి తెలుసు?"

ఆ క్లాజు కొట్టేశాను. చచ్చాక కూడా నేను దాక్కోవడానికే చూశాను.

వీలునామాలో వాటా ఉన్నవాళ్లు సాక్షి సంతకం చేస్తే ఆ వాటా చెల్లదని కూడా గణపతిరావు చెప్పాడు. అందుకే పద్మజకి ఈ కాగితంలో నేనేమీ ఇవ్వడం లేదు. మా అమ్మ పాటల పుస్తకం ఆ పిల్లకి ఇవ్వాలని ఎంతో ఆశపడ్డాను. అదీ కొట్టేశాను. బండి ఎలాగూ ఆమె తండ్రిదే. ఆమె ఈ వీలునామాకి సాక్షి. సాక్షి లోపలి సంగతి చదవక్కర్లేదని చట్టమట. నేను చదవమనే కోరుతున్నాను, ఒక్క అక్షరం వదలకుండా.

సాక్షి సంతకం కావాలి, సాయంత్రం వస్తావా అని ఫోన్ చేశాను. "దానికేటి మావా, వస్తాను" అంది. ఇంకో గంటలో వస్తుంది. గేటు చప్పుడైతే లేచి చూస్తున్నాను. తుప్పు ఇంత, నూనె ఇంత అని చెప్పగలిగిన నేను ఆ పిల్ల మొహం ఎలా మారుతుందో ఊహించలేకపోతున్నాను. ఆమె చదువుతున్నంతసేపూ ఎదురుగా కూర్చుంటాను. లక్ష్మణమ్మని కూడా పక్కన కూర్చోమంటాను, ఆమెకీ ఇదంతా ఇప్పుడే తెలుస్తుంది.

6. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత సంజయ్‌ది. ఇంతకు ముందు నేను వేరే వీలునామా ఏదీ రాయలేదు. నా సమాధి మీద మంచి ఫిట్టరు అని ఎవరూ రాయించకూడదు.

నెల్లిమర్ల, 21 ఆగస్టు 2025, గురువారం.

(సంతకం) బొంతు జీవరత్నం

ఈ కింది వారి ఎదుట సంతకం చేశాను:

మొదటి సాక్షి: (సంతకం) గణపతిరావు, దస్తావేజుల గుమాస్తా (రిటైర్డ్), నెల్లిమర్ల.

రెండో సాక్షి: (సంతకం) కంది పద్మజ, తండ్రి కీర్తిశేషులు కంది జగన్నాధం, ఎచ్చెర్ల.

కంది పద్మజ అనే నేను మొత్తం రెండుసార్లు చదివి సంతకం చేశాను. వినోద్ వచ్చాడు, చక్రం విప్పుతున్నాడు. మీరు ఈ కాగితం పెట్టెలో పెట్టి తాళం వేయడానికి నేను ఒప్పుకోను. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు మీరే దీన్ని చదవాలి, మా నాన్న తాగలేదన్న మాట గట్టిగా చదవాలి. చదివినంతసేపూ నేను మీ పక్కనే నిలబడతాను.