చీటీకి చిల్లెందుకు?

ఏమండీ,

కూర వేడి చేసుకుని తినండి. పైజామా బొందు కోసం బీరువా మళ్లీ కెలక్కండి, అందులో లేదు.

గెలిచానండీ! కంప్యూటర్లో ఫొటో ఆల్బమ్‌లు అలంకరించుకునే కిట్ కోసం నేను చేసిన పన్నెండు ట్యాగులూ, అదే ఆ చీటీల బొమ్మలూ, కంపెనీవాళ్లు తీసుకున్నారు. కిట్ ముఖచిత్రం మీద కూడా నా ట్యాగే! "తెర మీది చీటీకి చిల్లెందుకే, దారం ఎవరు కడతారు?" అని పొట్ట పట్టుకుని నవ్వారుగా? వాళ్లు మురిసిపోయింది ఆ చిల్లూ, అందులోంచి వేలాడే పీచులు లేచిన తాడూ చూసే. "ఇంత అందమైన తాడు ఎక్కడ దొరికింది?" అని అడిగారు.

మీ బొందేనండీ! స్కాన్ చేసి పెట్టేశాను. ఇక ఊరూరా పసిపిల్లల ఫొటోల పక్కన వేలాడుతుంది.

అక్కకి చెప్పి వస్తాను.

తా.క. కొత్త బొందూ పిన్నీసూ కుర్చీలో పెట్టాను. మీరే ఎక్కించుకోండి. చిల్లెందుకో అప్పుడు తెలుస్తుంది.