క్లాసులో అన్న మాట

ప్రియమైన పంతులమ్మకి,

ఆ 'ప్రియమైన' నా మాట కాదు. నాకు రాసిపెడుతున్న పక్క మంచం ఆవిడ పెట్టింది. ఉత్తరమన్నాక అలాగే మొదలవ్వాలట.

నువ్వు ఈ జైలుకొచ్చి డబ్బు తీసుకోకుండా కథలూ చరిత్రా చెబుతుంటే, అక్షరమ్ముక్క రాని నేను ముందు వరసలో కూర్చున్నాను. కిందటి క్లాసులో, బిడ్డ చేసిన నేరాన్ని తన నెత్తినేసుకున్న రాణి కథ చెప్పావు. ఎప్పటిలాగే "ఆ మనిషివే అయి మాట్లాడు" అన్నావు. లేచాను. "నా కొడుకు తన పెళ్ళాం పీక నొక్కుతుంటే, అది ఇస్త్రీపెట్టెతో కొట్టింది. వాడు పోయాడు. చంటిపిల్ల తల్లి జైలుకెళ్తే ఎలా? నేనే కొట్టానన్నాను" అన్నాను. నువ్వు కళ్ళు తుడుచుకున్నావు. ఈ గదిలో మాట గడప దాటదని మొదటిరోజు ఒట్టేసిందీ నువ్వే.

నిన్న నా కోడల్ని స్టేషనుకి తీసుకుపోయారు. పాలు తాగే పిల్లని పక్కింటివాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిందట. ఎవరి చెవిలో ఊదావు? నీ నోటితోనే చెప్పు.

నిన్ను నమ్మిన ముసలిది
వేలిముద్ర


ప్రియమైన పెద్దమ్మా,

చెప్పింది నేనే. మా అన్నయ్య లాయరు, ఆయనతో అన్నాను. ఆయన కోర్టులో అర్జీ వేశారు. చెయ్యని నేరానికి మీరు ఆ నాలుగు గోడల మధ్య ముసలితనం వెళ్ళదీస్తుంటే నాకు ముద్ద దిగలేదు. మీరు బయటికొస్తారనీ, ప్రాణం కాపాడుకోవడానికే కొట్టింది కాబట్టి కోర్టు మీ కోడల్నీ వదిలేస్తుందనీ అనుకున్నాను. కోర్టు తేల్చకముందే ఆవిడని తీసుకుపోతారనుకోలేదు. మాట తప్పాను. కానీ నిజం తెలిశాక ఎలా ఊరుకోను, పెద్దమ్మా?

మీ పంతులమ్మ


పంతులమ్మా,

ఎలా ఊరుకోనని అడిగావు. నోరు మూసుకుని ఊరుకుంటారు, ఇంకెలా?

జడ్జిగారు పిలిపించారు. "కొట్టింది నేనే బాబూ. క్లాసులో అన్నది రాణి వేషం. అది మా పంతులమ్మ పెట్టిన పద్ధతి" అన్నాను. మన క్లాసువాళ్ళనీ అడిగారు. బకెట్టు నీళ్ళకి జుట్లు పట్టుకునే ఆడాళ్ళు, ఒక్కరు కూడా తొణకలేదు. "ముసలమ్మ వేషం భలే కట్టిందయ్యా" అన్నారు. దొంగతనం కేసుదైతే, "నన్నడిగితే మంత్రిగా నేనింకా బాగా చేశాను" అందట.

నా కోడలు వేలెత్తి నన్నే చూపించింది. "మా అత్తే చంపింది" అంది. చంపింది నేనేగా, అనక ఏమంటుంది? అయినా అంత తడబడకుండా అనేసరికి గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ఇది రాయొద్దన్నాను, ఈవిడ రాసేసినట్టుంది.

దాన్ని వదిలేశారు. పిల్ల తల్లి ఒళ్ళోకి చేరింది.

సిగ్గుపడి మానేస్తావేమో, మానకు. వీళ్ళకి వారమంతా ఎదురుచూడ్డానికి నీ క్లాసు తప్ప ఇంకేం లేదు. నేనూ వస్తాను. వెనక గోడకి ఆనుకుని కూర్చుంటాను. నన్ను మాత్రం ఏ మనిషినీ అయి మాట్లాడమనకు.

వేలిముద్ర