కొత్త ఇంట్లో నిద్ర చేయడానికి

గౌరవనీయులైన మామగారికి వీరాచారి నమస్కారములు. రాత్రి కళాశాలలో పట్టా పొందినవాడినే అయినా నా తెలుగు బీదది, తప్పులుంటే మన్నించగలరు. ఫోనులో మీకు మాట సరిగా వినబడదు కనుక కార్డు వ్రాస్తున్నాను.

అత్తమ్మ కాలు విరిగి కౌసల్య మీ వద్దకు రాకముందు, ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా కొరకు అడవిలోని చెక్క ఇంటి సెట్ వేశాను. అన్నం డబ్బా తెచ్చిన కౌసల్య "జరసేపు లోపల పండుకుంట" అని తలుపు తీసింది. వెనుక వెదురు బొంగులే తప్ప గది లేదు. "గింత మంచి ఇల్లు గట్టి, పండనీకె జాగ బెట్టలేదేందయ్యా?" అని నవ్వింది. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

ఆ సెట్ చూసిన జూబ్లీహిల్స్ ఆసామి ఒకరు అనంతగిరి అడవిలో నా చేత నిజమైన చెక్క ఇల్లు కట్టించుకున్నారు. ఆయనకు భార్య లేదు. "ముందుగా దంపతులు నిద్ర చేయాలండీ. మీ ఆవిడతో వచ్చి రెండు రోజులు ఉండండి" అన్నారు. మొన్న ఆ వరండాలో ఒక్కడినే కూర్చున్నాను. నెమలి కూస్తే, చూపిద్దామని పక్కకు తిరిగాను. కౌసల్య లేదు.

అత్తమ్మకు కట్టు విప్పారా? ఇక్కడ పచ్చిపులుసు నాకు కుదరడం లేదు. ఆ రెండు రోజులు అత్తమ్మను చూసుకోవడానికి మా చెల్లెలు మనోజ వస్తానన్నది. అందరికీ నా నమస్కారములు.

దీనిని అత్తమ్మకు చదివి వినిపించండి. మీరిద్దరూ సరే అన్న తరువాతనే కౌసల్య చేతికి ఇవ్వండి. ముందే ఇస్తే అమ్మను విడిచి తానే రానంటుంది. ఈసారి తలుపు వెనుక గది ఉన్నదని చెప్పండి.