ఉప్పుటేటి గుల్లలు, ఢిల్లీ మేడమ్

సరోజినీ నగర్, ఢిల్లీ

నా బంగారు అక్కా,

ఫోన్ చేస్తే నన్ను నోరెత్తనివ్వవు కనక ఉత్తరం రాస్తున్నాను. చివరిదాకా చదివాకే తిట్టు.

మొన్న మా ఆఫీసు మీటింగుకి నువ్వు మీ సంఘం ఆడవాళ్ళతో వచ్చినప్పుడు, ఈవిడ మా అక్క అని చెప్పాలా వద్దా అని నేనింకా తేల్చుకోలేదు. ఈలోపే నువ్వు నా వైపు తిరిగి "నమస్కారం మేడమ్" అన్నావు. నాకు జడలేసి బడికి పంపినదానివి నువ్వు. మేడమేమిటి, ఆ నాటకమేమిటి?

ఉప్పుటేట్లో తెప్పలు కట్టి, తాళ్ళకి తినే గుల్లలు పెంచేవాళ్ళకి పొలం పట్టా ఎక్కణ్ణుంచి వస్తుంది? అది లేదనే కదా మీ రెండో విడత సబ్సిడీ ఆపేశారు. మా డైరెక్టరు గారూ అదే అడిగారు, మీ భూమేదని. "ఏరు మాది కాదండీ. తెప్పలు మావి, తాళ్ళు మావి, నడుం లోతు నీళ్ళలో నానేది మేము" అన్నావు. నాకు ఒళ్ళు పులకరించింది. తర్వాత "ఈ విడత రాకపోతే మా ఇళ్ళు గుల్లయిపోతాయండీ" అన్నావు. అక్కడే వచ్చింది తంటా. తర్జుమా చేస్తున్న ఇషిత ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. వీళ్ళు గుల్లలతో ఇళ్ళు కట్టుకుంటారట అని హిందీలో చెప్పేసింది. సబ్సిడీ ఇళ్ళు కట్టుకోడానికి కాదని డైరెక్టరు గారు ఫైలు మూయబోయారు.

అది తప్పని నాకు తెలుసు. నోరు తెరిస్తే అక్క కోసం మాట్లాడిందంటారని బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. నువ్వు మాత్రం పకపకా నవ్వి, రొయ్యల లారీ డ్రైవర్ల దగ్గర నేర్చిన హిందీలో "నహీ సాబ్. ఘర్ ఖాలీ, డబ్బా ఖాలీ, పేట్ ఖాలీ" అన్నావు. ఇల్లూ, డబ్బా, కడుపూ అన్నీ ఖాళీ అనేసరికి గదంతా నవ్వింది. ఆయన ఫైలు మళ్ళీ తెరిచి, మత్స్యశాఖ అనుమతి ఉంటే చాలు, పట్టా అక్కర్లేదని రాశారు. నీ ధైర్యంలో పిసరంత నాకుంటే ఎంత బావుండేది అక్కా.

బయటికొచ్చి ఇంటికి రమ్మంటే "రైలుకి టైమైంది మేడమ్" అని వెళ్ళిపోయావు. నీకోసం చేసిన పులుసు నాకు సహించలేదు. ఆ సెక్షన్‌లో ఇక ఉండలేను. బదిలీకి అర్జీ పెడుతున్నాను.

నీ చెల్లెలు,
రేవతి

ఉప్పుటేటి గట్టు

ఒసే పిచ్చిదానా,

డబ్బులు పడ్డాయి. కొత్త తాళ్ళు కొన్నాం. ఇషితమ్మనేం అనకు. ఆ పిల్ల పుణ్యమా అని ఆయన నవ్వాడు, నవ్వినోడు సంతకం పెట్టాడు.

మేడమ్ అని నాటకమాడాననుకున్నావా? తలుపు తీసేసరికి ఆ పెద్ద బల్ల దగ్గర మెడలో కార్డేసుకుని నువ్వు. అంతమంది ఆఫీసర్ల మధ్య నా చెల్లెలు. నా నోటికి ఇంకో మాట రాలేదే. రైలెక్కాక నువ్వు నా చెల్లెలివని మావాళ్ళకి చెప్పేశాను, నాగపూర్ దాకా నీ కబుర్లే. మీ ఇంటికొచ్చి పులుసు తింటే మాత్రం, సబ్సిడీ చెల్లెలే ఇప్పించిందని ఊరంతా అనేది. మా కష్టం గంగలో కలిసిపోయేది.

బదిలీ మాటెత్తావంటే ఊరుకోను. వచ్చే నెల పక్క లంక వాళ్ళు మీ ఆఫీసుకొస్తున్నారు, ఇదే గొడవకి. వాళ్ళకి హిందీ ఒక్క ముక్క రాదు. వాళ్ళలో మనకి చుట్టాలెవరూ లేరులే, నోరు తెరిచి మాట్లాడు.

నీ అక్క,
కిరణ్మయి