తెరచాపలో చాప

జూన్ 4

ఈ ఇల్లు నాకు లాడ్జి లాంటిదట. అన్నయ్య తీర్పు, అమ్మ వంత. ఏ మూల ఏముందో నాకు పట్టదట. తాతయ్య పోయిన రోజు నేను ఏడవలేదన్న సంగతి మళ్లీ బయటికొచ్చింది. రాయినట. పడవల మ్యూజియంలో ఉద్యోగం చేసే రాయి.

జూన్ 6

కొత్త గ్యాలరీలో పదాల గోడ, ఒక్కొక్కరం ఒక్కో పడవ మాట పుట్టుక రాయాలి. నా వంతుకి ‘తెరచాప’ వచ్చింది. గాలికి అడ్డంగా తెరలా కట్టిన చాప. ఒకప్పుడు అల్లిన చాపలే పడవల్ని లాక్కెళ్లేవి. గుడ్డ వచ్చాక చాప పోయింది, పేరు మిగిలింది. ఇదే రాశాను. గ్యాలరీ చూసే మేడమ్ బాగుందన్నారు, చూపించడానికి వస్తువేదైనా ఉందా అన్నారు.

ఉంది. నాయనమ్మ పడుకునే చాప. తాతయ్య పడవ విప్పేసినప్పుడు తెరచాపలోంచి కోసుకొచ్చిన ముక్క. అంచున తాడు దూర్చిన కన్నాలు ఇంకా ఉన్నాయి. ఒకదాంట్లో వేలు పెట్టుకుంటే గానీ నాయనమ్మకి నిద్ర పట్టదు.

జూన్ 9, మధ్యాహ్నం

నాయనమ్మ స్నానానికి వెళ్లింది. చాప చుట్టి బస్సెక్కాను. అడిగితే ఇవ్వదు. అందుకే అడగలేదు.

జూన్ 10

ఇల్లంతా వెతుకులాట. నిన్ననే అటక సర్ది పాత సామాను పారేసింది వదిన. అందరి చూపూ ఆవిడ మీదే. నన్నెవరూ అడగలేదు. ఇంట్లో ఏముందో పట్టనిదాన్ని, చాప నాకెందుకు?

జూన్ 11

నాయనమ్మకి పరుపు వేశారు. దిగబడిపోతున్నాను అంటోంది. నిద్రలో వేలు అంచంతా తడుముతోంది.

జూన్ 13

చాపని అద్దాల పెట్టెలో నిలబెట్టారు. లైటు పడితే అల్లిక మెరుస్తోంది. నిజంగా అందంగా ఉంది, అదే ఖర్మ. నడుమ అరిగిన చోటు చూసి, ఎన్ని గాలులు తిన్నదో అన్నారు మేడమ్. అది నాయనమ్మ వీపు. నేను తలూపాను.

జూన్ 14, పొద్దున

వంటింట్లో వదిన మెల్లగా అంది: “ఏమోనే, నేనే పారేశానేమో. అందరూ అంటుంటే నాకూ అలాగే గుర్తొస్తోంది.”

చెత్తకుండీలోంచి చాప కొస కనబడినట్టు కూడా ఉందట. వెళ్లి నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. పోనీలేవే, పాతదేగా అంది నాయనమ్మ. వదిన ఏడ్చింది. నేను గిన్నెలు తోముతూ ఉండిపోయాను, తోమిన గిన్నెనే మళ్లీ.

జూన్ 14, సాయంత్రం

రేపు చాప తెస్తాను. మేడమ్ ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా. ఉద్యోగం ఊడితే ఊడనీ. అందరి ముందూ పరుస్తాను. తీసింది నేనని చెబుతాను. ఎందుకో మాత్రం చెప్పను, సాకులా వినిపిస్తుంది.