పాసైన పిల్లకి అసెస్‌మెంట్

జూన్ 27

మళ్లీ అదే మాట. మా బుడ్డది మూడో క్లాసుకొచ్చినా సొంతంగా రెండు వాక్యాలు రాయలేకపోతోంది, మీ స్కూల్లో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉన్నారు కదా, ఇబ్బంది ఎక్కడుందో తేలేలా ఒక్కసారి అసెస్‌మెంట్ చేయించండి అని అడిగాను. క్లాస్ టీచర్ నవ్వింది. రీడింగ్‌లో క్లాసుకే ఫస్టండీ, రాయడానికే బద్ధకం, మీరు కాస్త గారాబం తగ్గించండి అంది. ఒళ్లు మండింది. అయినా థాంక్స్ చెప్పి వచ్చాను. ఎందుకు చెప్పానో!

జూన్ 29

బుడ్డది అద్దం ముందు నిలబడి తనని తానే మొద్దు, మొద్దు అని పిలుచుకుంటోంది. ఊరికే, ఆటలా.

ఇక వదలను.

జూలై 3, సాయంత్రం

ప్రిన్సిపాల్‌ని కలిశాను. పాసవుతున్న పిల్లకి అసెస్‌మెంట్ దేనికమ్మా, లేనిపోని ముద్ర పడుతుంది అన్నారు. ముద్ర ఎప్పుడో పడింది సార్, దానికదే వేసుకుంది అన్నాను. ఆయన వాచీ చూసుకున్నారు.

ఇంటికొచ్చి చెబితే ఈయన స్కూలు మార్చేద్దాం అన్నాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి. లిఫ్టు ఆగిపోతే బిల్డింగు మారుస్తావా అని అడిగాను. తల గోక్కుని, సరేలే, ఈసారి నేనూ వస్తానన్నాడు.

జూలై 8

అన్నం తింటూ బుడ్డది కప్ప పాఠం చదివింది. పుస్తకం ఒళ్లో ఉంది. బావిలో ఉన్న కప్ప, అని ఆగింది. నదిని చూచుటకు, అని మళ్లీ ఆగింది. తర్వాత, బయలుదేరినది, అని సాగదీసింది. ఈయనకి పొలమారింది. బస్టాండులో మైకు ముందు కూర్చుని నేను బస్సుల వివరాలు చెప్పేది అచ్చం అలాగే. నేనెక్కడ ఊపిరి తీసుకుంటానో అక్కడే తీసుకుంది. ముగ్గురం పడీపడీ నవ్వాం.

కంచాలు తీస్తూ పుస్తకం చూశాను. తెరిచి ఉన్నది కప్ప పాఠం కాదు.

జూలై 9, ఉదయం

నిద్ర పట్టలేదు. డ్యూటీ నుంచి రాగానే మర్నాటి పాఠం నేనే చదివి వినిపిస్తాను. దానికి అర్థం కావాలని. అది నా గొంతు మొత్తం పట్టేసుకుని క్లాసులో అప్పజెప్పేస్తోంది. ఎంత కష్టపడుతోందో, నా తల్లి! సాయం చేస్తున్నాననుకున్నాను. స్కూలు కళ్లు కప్పుతున్నది నేనే.

అత్తయ్యకి చెప్పాను. ఇకమీదట వినిపించకు, ఫెయిలైతే వాళ్లే దారికొస్తారు అంది. అప్పటిదాకా క్లాసులో దాని గతేంటి? ఆ పని మాత్రం చెయ్యను.

జూలై 15

మీటింగ్. అవతల ప్రిన్సిపాల్, టీచర్. ఇవతల మేమిద్దరం. అది చదవడం లేదు, విన్నది అప్పజెబుతోంది అని చెప్పాం. నమ్మలేదు. వద్దంటున్నా బుడ్డదాన్ని పిలిపించి పాఠం చదవమన్నారు. గడగడా చదివేసింది. చూశారా అంది టీచర్. ఈయన కుర్చీ వెనక్కి తోశాడు. కాలు తొక్కాను.

ప్రిన్సిపాల్‌కి హుషారొచ్చింది. గోడమీద కొత్తగా అంటించిన నోటీసు చూపించి, ఇది కూడా చదివెయ్యమ్మా, మీ అమ్మకి నమ్మకం కుదురుతుంది అన్నారు.

బుడ్డది నోటీసు వైపు చూసింది. తర్వాత నా వైపు. నువ్వొకసారి చదువమ్మా, తర్వాత నేను చదివేస్తా అంది.

ఎంత మామూలుగా అందో! చదవడమంటే అదే అనుకుంటోంది.

దాన్ని దగ్గరకు తీసుకుని, నీ తప్పేం లేదు తల్లీ, నీకెలా నేర్పాలో చూసేవాళ్లు కావాలి, అది అడగడానికే వచ్చాం అన్నాను. తేదీ చెప్పండి సార్, చెప్పేదాకా కూర్చుంటాం అన్నాను. మైకులో ఎప్పుడూ వణకని గొంతు వణికింది. వణికితే వణికింది.

ప్రిన్సిపాల్ ఇంకా నోటీసు వైపే చూస్తున్నారు. టీచర్ లేచి వచ్చి బుడ్డదాని జడ సర్దింది. స్పెషల్ ఎడ్యుకేటర్‌కి శుక్రవారం ఖాళీ ఉంది సార్ అంది.

జూలై 19

అసెస్‌మెంట్ గది గుమ్మంలో బుడ్డది నన్ను ఆపేసింది. నువ్వు రాకమ్మా, నువ్వుంటే చెప్పేస్తావ్ అంది.

బయట కూర్చున్నాను. నోరు మూసుకుని.